రొమ్ములో గడ్డ: రాచపుండా, క్షయయా?

క్రిందటి సంవత్సరము వేసవిలో మా మహిళా కార్యక్రమమునకు ఒక జాబు వచ్చినది. నోటుపుస్తకమునుండి చించిన రెండు ఠావులు. రెండు వైపులను నిండుగా వ్రాత. ‘రేడియో అక్కయ్యగారికి నమస్కారములు’ అని మొదలుపెట్టి, వ్రాసిన సోదరి తన వయస్సు ఇరువదియారని, రెండవ కాన్పు అయి ఎనిమిది నెలలైనదని తెలిపినది. బిడ్డకు మూడవ నెల వచ్చినప్పుడు కుడి రొమ్ములో ఉసిరికాయంత గడ్డ తగిలినదట. పాలగడ్డ యని ఇంటిలోని పెద్దలు ఆముదపు ఆకు వెచ్చచేసి కట్టిరి. గడ్డ తగ్గలేదు. ఊరిలోని వైద్యుడు పది దినములు మాత్రలిచ్చినాడు. ఆ పిమ్మట పట్టణములో కోసి చీము తీసిరి. గాయము మానినట్లే మాని, నెల తిరుగకుండ మరల కారినది. రెండవసారి కోసిరి. ఇప్పుడు చంకలో బిళ్ళలు కట్టినవి, చనుమొన లోనికి లాగినది. మరియొక వైద్యుడు చూచి, ఇది రాచపుండు వలె నున్నది, రొమ్ము తీసివేయవలసి రావచ్చునని చెప్పినాడు. జాబు చివర ఆమె అడిగినది ఒక్కటే ప్రశ్న: తీసివేయుటకు ఒప్పుకొనుటకు ముందు మేము అడుగవలసినది ఇంకేమైన ఉన్నదా?

జాబు చూచి జబ్బు చెప్పుట మా పని కాదు, అది ఎవరి పనియు కాదు. కాని ఆ ప్రశ్న న్యాయమైనది. మేము ఆ జాబును తీసికొనిపోయి ఒక శస్త్రవైద్యునికిని, ఒక ఊపిరితిత్తుల వైద్యునికిని చూపితిమి. ఇద్దరును వేరువేరు గదులలో కూర్చుండి ఇంచుమించు ఒకే మాట చెప్పిరి: “ఇప్పటివరకు ఆ చీమును గాని, ఆ గడ్డలోని ముక్కను గాని ఎవరైన పరీక్షకు పంపిరా?” జాబులో ఆ ప్రస్తావనయే లేదు. నేటి ప్రసంగమునకు అదియే పుట్టుక.

ప్రసంగమునకు పేరు పెట్టునప్పుడు మాలో మాకు కొంత వాదము జరిగినది. ‘రొమ్ము’ అను మాట ప్రసారములో వినుటకు మోటుగా నుండునేమో యని ఒకరు, ‘ఎద’ యందమని మరొకరు. ఎదలో గడ్డ యన్నచో గుండెజబ్బని శ్రోతలు తలపరా? ప్రబంధములలో పుటలకొలది వర్ణనలు చదివి తల యూచు మనకు, అచ్చటనే ఒక గడ్డ లేచినదని చెప్పుటకు నోరు రాదు. ఆ నోరు రాకపోవుటచేతనే ఎందరో స్త్రీలు ఆరు నెలలు, సంవత్సరము ఆలస్యముగా వైద్యుని యొద్దకు వచ్చుచున్నారని శస్త్రవైద్యుడు చెప్పినాడు. కనుక రొమ్ము అనియే అందుము.

క్షయ యనగానే మనకు దగ్గు, కళ్ళె, రక్తము పడుట జ్ఞప్తికి వచ్చును. ఆ వ్యాధి ముఖ్యముగ ఊపిరితిత్తులదే. అయినను మన దేశములో ప్రతి సంవత్సరము నమోదగు క్షయరోగులలో ఐదింట ఒక వంతునకు పైగా ఊపిరితిత్తులకు వెలుపల వచ్చిన క్షయ గలవారు. మెడలోని బిళ్ళలకు వచ్చినదానిని మన పెద్దలు గండమాల యనిరి. వెన్నెముకకు, ప్రేగులకు, మెదడు పొరలకు, గర్భాశయమునకు వచ్చును. అరుదుగా రొమ్మునకును వచ్చును. లండనులోని శస్త్రవైద్యుడు ఆస్ట్లీ కూపరు 1829 లోనే దీనిని వర్ణించి, రొమ్మునకు వచ్చిన గండమాల వాపు అని పేరు పెట్టినాడు. క్షయకు కారణము ఒక సూక్ష్మజీవి యని రాబర్టు కాక్ బెర్లినులో ప్రకటించినది 1882 మార్చి 24 న. అనగా సూక్ష్మజీవి మాట ఎవరికిని తెలియని కాలమున, కేవలము చేతితో తడవి, కంటితో చూచి కూపరు దీనిని గుర్తించినాడు. నేడు సూక్ష్మదర్శినులు, యంత్రములు అన్నియు ఉండియు గుర్తింపలేకపోవుటకు కారణము పనిముట్ల కొరత కాదు. ఇది క్షయ కావచ్చునేమో యను తలంపు రాకపోవుటయే.

ఆ తలంపు రాకపోవుటలో వైద్యులను పూర్తిగా తప్పుపట్టను వీలు లేదు. పాశ్చాత్య దేశములలో రొమ్ము జబ్బులలో ఇది వేయింట ఒకటి. మన దేశము వంటి క్షయ మెండుగా నున్న చోట్లను శస్త్రచికిత్సకు వచ్చు రొమ్ము జబ్బులలో నూటికి మూడు, నాలుగు మాత్రమే యని వైద్యగ్రంథములు చెప్పుచున్నవి. అయితే ప్రపంచములోని క్షయరోగులలో ఇంచుమించు నాలుగవ వంతు మన దేశములోనే ఉన్నారు. అట్టి దేశమున నూటికి మూడు అనునది చిన్న సంఖ్య కాదు. ఈ వ్యాధి ఎక్కువగ ఇరువది నుండి నలుబది యేండ్ల లోపు స్త్రీలకు వచ్చును. బాలింతలకు మరింత అవకాశము. పాలిచ్చు కాలమున రొమ్మునకు రక్తప్రసారము పెరుగును, పాలనాళములు వెడల్పగును, చనుమొన పగుళ్ళు పడును. సూక్ష్మజీవి చేరుటకును, చేరినది పెరుగుటకును ఇవి యన్నియు అనుకూలములు. పురుషులకు వచ్చుట మిక్కిలి అరుదు.

అది రొమ్మును చేరు మార్గములు పలు విధములు. చంకలోని బిళ్ళలలో ముందుగా చేరి, రసనాళముల వెంట వెనుకకు నడచి రొమ్ములోనికి వచ్చుట ఎక్కువ యని చాలమంది అభిప్రాయము. కూపరు తలంచినదియు ఇంచుమించు అదియే. ప్రక్కటెముకకో, ఊపిరితిత్తి పొరకో వచ్చిన క్షయ గోడ దాటి రొమ్ములోనికి ప్రాకవచ్చును. రక్తము ద్వారా రావచ్చును. చర్మపు పగులు ద్వారా నేరుగా వచ్చుట చాల తక్కువ. ఇక్కడ ఒక మాట ముఖ్యము: రొమ్ము క్షయ గల స్త్రీలలో పెక్కుమందికి దగ్గు ఉండదు, ఎక్స్-రేలో ఊపిరితిత్తులు శుభ్రముగనే యుండును. ‘నాకు దగ్గు లేదు, మా వంశములో ఎవరికిని క్షయ లేదు’ అనుట ఈ జబ్బు లేదనుటకు సాక్ష్యము కాదు.

చేతికి తగులు గడ్డ ఎట్లుండును? ఒకరికి నొప్పి లేని చిన్న ఉండ. మరొకరికి కదలని, గట్టి, అంచులు సమముగ లేని గడ్డ. పైన చర్మము నారింజ తొక్క వలె గుంటలు పడును, చనుమొన లోనికి పోవును. ఇంకొకరికి చీముగడ్డ, ఒకటి మానిన ప్రక్కన మరొకటి లేచును, రంధ్రములు పడి నెలల తరబడి కారును. సగముమందికి పైగా చంకలో బిళ్ళలుండును. సాయంకాలపు జ్వరము, రాత్రి చెమట, బరువు తగ్గుట కొందరికే యుండును, చాలమందికి ఉండవు. 1952 లో మెకియోన్, విల్కిన్సన్ అను ఇరువురు దీనిని ఐదు రకములుగా విభజించిరి. ఆ ఐదు పేర్లును శ్రోతలకు అక్కరలేదు. గడ్డ రూపము, చీముగడ్డ రూపము, పెద్ద వయసు స్త్రీలలో రొమ్మంతయు గట్టిపడి ముడుచుకొను రూపము, ఈ మూడును తెలిసిన చాలును.

కనుక ఈ జబ్బు రెండు వేషములు వేయును. మొదటిది సెగగడ్డ వేషము. బాలింతకు రొమ్ములో మామూలు చీముగడ్డ లేచినచో అది ఎఱ్ఱగా కందును, కాలుచుండును, జ్వరము వచ్చును, నాలుగు దినములలో తేలిపోవును. క్షయ వలన వచ్చిన చీముగడ్డ చల్లగా నుండును. నెమ్మదిగా నెలలు తీసికొనును. దానిని మామూలు గడ్డ యనుకొని కోసినచో గాయము మానక నాళపుండుగా మారును. మామూలు మందులు రెండు విడతలు వాడియు తగ్గని చీముగడ్డ, కోసిన చోట ఆరు వారములైన మానని గాయము, ఒకసారి మాని మరల లేచిన గడ్డ, వీనిలో ఏ ఒక్కటి యున్నను క్షయ మాట తలంపవలసినదే. జాబు వ్రాసిన సోదరికి ఈ మూడును జరిగినవి.

రెండవది రాచపుండు వేషము. కదలని గడ్డ, లాగిన చనుమొన, చంక బిళ్ళలు కలిసి వచ్చినప్పుడు ఎంత అనుభవజ్ఞుడైనను మొదట కాన్సరునే శంకించును. శంకింపవలెను కూడ. నేడు మన దేశపు స్త్రీలకు వచ్చు కాన్సరులలో మొదటి స్థానము రొమ్ము కాన్సరుదే. అది బాలింతలకును వచ్చును. కాబట్టి ఈ ప్రసంగము విని, ‘నా గడ్డ క్షయయే యై యుండును, మాత్రలతో పోవును’ అని ఆశపడి పరీక్ష మానినవారు మా మాటను తలక్రిందులుగా వినినవారగుదురు. పైగా రెండు వ్యాధులును ఒకే రొమ్ములో కలిసి యున్న సందర్భములును కలవు. ఫొటో పరీక్షలు ఈ తగవును తీర్చలేవు. మామోగ్రాఫు, అల్ట్రాసౌండు గడ్డ ఎంత, ఎక్కడ, లోపల నీరున్నదా యని చెప్పును. పొత్తికడుపుకు చేయు స్కానింగే ఇక్కడను చేయుదురు, భయపడ నక్కరలేదు. కాని ఇది క్షయ, ఇది రాచపుండు అని అవి నిర్ణయింపజాలవు. చేతిమీద సూది వేసి మూడవ నాడు చూచు మాంటూ పరీక్షయు మన దేశమున పెద్దవారి విషయమున అంతగా ఉపయోగపడదు. సూక్ష్మజీవి ఒంటిలో నిద్రించుచున్న ఆరోగ్యవంతులకును అది పొంగును.

తగవు తీర్చునది గడ్డలోని పదార్థమే. మొదట సన్నని సూదితో కణములు తీసి పరీక్షింతురు, దీనిని ఎఫ్.ఎన్.ఏ.సి. యందురు. కొంచెము లావు సూదితో దారపు పోగు వంటి ముక్కలు తీయుట ఇంతకంటె మేలు. దీనినే జనము ముక్క పరీక్ష యందురు. మత్తు సూది ఇచ్చి, కుట్లు లేకుండ, పావుగంటలో ముగియు పని. క్షయ యైనచో ఆ ముక్కలో కణములు ముద్దలు ముద్దలుగా గుమిగూడి, నడుమ జున్ను వలె చితికిన భాగము కనబడును. కణముద్దలను వైద్యులు గ్రాన్యులోమా యందురు. అయితే ప్రత్యేకమైన రంగు వేసి చూచినను సూక్ష్మజీవి కంటబడుట అరుదు. సూక్ష్మదర్శినిలో కనబడవలెనన్న మిల్లీలీటరు పదార్థములో ఐదు నుండి పదివేల సూక్ష్మజీవులైన నుండవలెను. ఊపిరితిత్తులలో అవి లక్షలు, కోట్లుగా నుండును, రొమ్ములో కొద్ది. కనుక ‘పురుగులు కనబడలేదు’ అను కాగితము చేతికి వచ్చినంతమాత్రమున క్షయ లేదని కాదు.

ఇప్పుడు ఒక చిన్న సంగతి చెప్పుదుము. చిన్నదే గాని దానిమీద ఎంతయో ఆధారపడి యున్నది. గడ్డనుండి తీసిన ముక్కను సామాన్యముగా ఫార్మలిన్ అను ద్రవములో వేసి పంపుదురు. ముక్క కుళ్ళకుండ, కణములు చెదరకుండ ఫార్మలిన్ కాపాడును. కాని అది సూక్ష్మజీవిని చంపును. చచ్చినదానిని పెంచి చూపుట ఎట్లు? అందుచేత ముక్కలు రెండు భాగములు చేయవలెను. ఒక భాగము ఫార్మలిన్‌లో, కణముల పరీక్షకు. రెండవ భాగము ఫార్మలిన్ తగులకుండ శుద్ధమైన ఉప్పునీటిలో, అనగా సెలైన్‌లో, క్షయ పరీక్షకు. చీము వచ్చినచో దానిని పారబోయక సీసాలో పట్టి పంపవలెను; దూదికి అంటిన చీముకంటె సూదితో లాగిన చీము మేలు. కోసిన తరువాత ఈ జ్ఞాపకము వచ్చిన ప్రయోజనము లేదు, మరల సూది వేయవలసినదే. ‘అయ్యా, కొంత సెలైన్‌లో కూడ పంపుదురా?’ అని రోగి బంధువు అడిగినంతమాత్రమున వైద్యుని తక్కువచేసినట్లు కాదు. శస్త్రవైద్యుడే మాతో ఈ మాట అనినాడు. అడుగువారుండిన మాకును జ్ఞాపకముండును అనినాడు.

సెలైన్‌లో పంపిన ముక్కకు రెండు పరీక్షలు జరుగును. ఒకటి సీబీనాట్ గాని ట్రూనాట్ గాని. సూక్ష్మజీవి యొక్క జన్యుపదార్థమును యంత్రము పట్టుకొనును. సీబీనాట్ యంత్రము రెండు గంటలలో ఫలితము చెప్పును; రిఫాంపిసిన్ అను ముఖ్యమైన మందునకు ఆ సూక్ష్మజీవి లొంగునో లేదో కూడ చెప్పును. ట్రూనాట్ గోవాలో తయారైన మన దేశపు యంత్రము. ఈ పరీక్షలు ప్రభుత్వ క్షయ కేంద్రములలో ఉచితముగా చేయుచున్నారు. రెండవది కల్చరు, అనగా సూక్ష్మజీవిని పెంచి చూచుట. క్షయ జీవి మందకొడిగా పెరుగును గనుక ఆరు నుండి ఎనిమిది వారములు పట్టును. జన్యుపరీక్షలో ఉన్నదని తేలినచో ఉన్నట్లే. లేదని వచ్చినచో మాత్రము పూర్తిగా నమ్మరాదు. కళ్ళెలో పట్టినంత సులభముగా ముక్కలో పట్టదు. అప్పుడు కణముల పరీక్ష, కల్చరు, రోగి కథ, అన్నియు కలిపి చూచి వైద్యుడు నిర్ణయింపవలెను.

ఈ నిర్ణయములో ఒక చిక్కు కలదు. గ్రాన్యులోమా కనబడిన ప్రతి రొమ్ము క్షయ రొమ్ము కాదు. కారణము స్పష్టముగా తెలియని ఒక వాపు కలదు. కాన్పు అయిన కొద్ది యేండ్లలో ఈ వయసు స్త్రీలకే వచ్చును, ఇట్లే గడ్డ కట్టును, ఇట్లే కారును, ముక్కలో ఇట్లే గ్రాన్యులోమా కనబడును. దానికి పెక్కుసార్లు స్టెరాయిడు మందులిత్తురు. నిజముగా క్షయ యుండి స్టెరాయిడు ఇచ్చినచో ఒంటి రక్షణశక్తి తగ్గి వ్యాధి విజృంభించును. నిజముగా క్షయ లేక క్షయమందు ఇచ్చినచో ఆరు నెలలు నాలుగు రకముల మాత్రలు వ్యర్థముగా మింగి, కాలేయము చెడగొట్టుకొని, గడ్డతోనే మిగులుదురు. మన దేశములో రెండవ పొరపాటు తక్కువ కాదు. ‘ఎందుకైన మంచిది, మొదలుపెట్టి చూతము’ అనుట సులభము. పరీక్ష పూర్తి చేయించుట శ్రమ. మా అభిప్రాయములో ఆ శ్రమ పడుటయే తగినది.

జబ్బు క్షయ యని తేలినచో ఛాతీ ఎక్స్-రే, దగ్గున్నచో కళ్ళె పరీక్ష, రక్తములో చక్కెర, హెచ్.ఐ.వి. పరీక్ష తప్పక చేయింతురు. హెచ్.ఐ.వి. పేరు వినగానే కొందరు కినుక పడుదురు. క్షయ రోగులందరికిని చేయు పరీక్ష యది, ఒకరిమీద అనుమానముతో చేయునది కాదు.

ఇక చికిత్స. మందులు లేని కాలమున రొమ్ము క్షయకు కత్తియే గతి. క్షయ యని తెలిసియు రొమ్ము మొత్తము తీసివేసెడివారు. స్ట్రెప్టోమైసిన్ 1943 లో కనుగొనబడినది, ఐసోనియజిడ్ 1952 లో వాడుకలోనికి వచ్చినది, రిఫాంపిసిన్ 1960 వ దశకమున వచ్చినది. అంతకు ముందు మన తెలుగువారికి క్షయ యన్న మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరము. మంచి గాలి, పాలు, గ్రుడ్లు, పడక, దేవుడు. ఇంటిలోనే యుండి మాత్రలు మింగిన చాలునని ప్రపంచమునకు చూపినది మద్రాసు నగరము. అచ్చట 1956 లో ఆరంభించిన క్షయ చికిత్సా పరిశోధనలో, ఇంట ఉండి మందు పుచ్చుకొన్న పేదలకును, శానిటోరియములో పడకమీద నున్నవారికిని గుణము ఇంచుమించు సమానముగనే యున్నదని 1959 లో ప్రకటించిరి. ఇంటిలోనివారికి అంటుటయు హెచ్చు కాలేదు. నేడు రోగి తన ఇంట నుండి, తన పని చేసికొనుచు కుదురుచున్నదన్న ఆ పరిశోధన చలువయే.

రొమ్ము క్షయకు మందులు ఊపిరితిత్తుల క్షయకు ఇచ్చునవియే. మొదటి రెండు నెలలు ఐసోనియజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్ అను నాలుగు. పిమ్మట నాలుగు నెలలు పైరజినమైడ్ తీసివేసి తక్కిన మూడు. నాలుగును ఒకే మాత్రలో కలిపి, రోగి బరువును బట్టి ఎన్ని మింగవలెనో నిర్ణయింతురు. ప్రతిదినము మింగవలెను. ఆరు నెలలకు గడ్డ పూర్తిగా కరుగనిచో వైద్యుడు మరి మూడు నెలలు పొడిగింపవచ్చును. మందునకు లొంగని రకమైనచో వేరు మందులు, వేరు లెక్క. మొదటి వారములలో చంక బిళ్ళలు తగ్గుటకు మారుగ పెరిగినట్లు కనబడవచ్చును. దానిని చూచి మందు మానరాదు, వైద్యునికి చూపవలెను. రెండు నెలలకు ఒంటికి సుఖముగా నుండి మానివేయుట అంతకంటె ప్రమాదము. మిగిలిన సూక్ష్మజీవులు ఆ మందులకు లొంగని గట్టి పిండములై తిరిగి లేచును.

మూత్రము నారింజరంగున వచ్చును. అది రిఫాంపిసిన్ రంగు, రక్తము కాదు. అరికాళ్ళు తిమ్మిరి పట్టినచో బి-6 విటమినుతో పోవును. వాంతులు, కన్నులు పచ్చబడుట, ఎఱుపు ఆకుపచ్చల తేడా తెలియకపోవుట, ఈ మూటిలో ఏది కనబడినను ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. మరియొకటి స్త్రీలకు ఎవరును చెప్పనిది: రిఫాంపిసిన్ వాడు కాలములో సంతాన నిరోధక మాత్రలు సరిగా పనిచేయవు. వేరు ఏర్పాటు చేసికొనవలెను.

కత్తికి పని బొత్తిగా లేదని కాదు. పెద్ద చీముగడ్డ యున్నచో సూదితో లాగివేయుదురు. అవసరమైన మరల లాగుదురు. మందు పూర్తియైన తరువాతను మిగిలిన గడ్డను, మానని నాళమును తీసివేయుదురు. తీసినదానిని మరల పరీక్షకు పంపవలెను, ముందు చెప్పినట్లు అందులో రాచపుండు దాగి యుండవచ్చును గనుక. రొమ్మంతయు నాశమై, మందునకు లొంగనప్పుడు మాత్రమే రొమ్ము తీసివేయుట. అట్టి సందర్భములు నేడు చాల తక్కువ.

పాల మాట ప్రతి తల్లియు అడుగును. ఈ మందులు పాలలోనికి వచ్చుట స్వల్పము, బిడ్డకు హాని లేదు. ఇవి వాడుచు పాలీయవచ్చును. కాని పుండున్న రొమ్మునుండి, అది మానువరకు, ఈయరాదు. రెండవ రొమ్ము పాలు ఈయవచ్చును. తల్లికి ఊపిరితిత్తులలో కూడ క్షయ యున్నచో బిడ్డను పరీక్షించి నివారణ మందు ఇత్తురు. గర్భిణులకును ఈ నాలుగు మందులను ఇచ్చుచున్నారు. స్ట్రెప్టోమైసిన్ సూది మాత్రము గర్భములోని శిశువు చెవికి చేటు.

రొమ్ము క్షయ మాత్రమే యున్న స్త్రీ వలన శ్వాస ద్వారా ఎవరికిని అంటదు. వేరు కంచము, వేరు చాప, పుట్టింటికి పంపివేయుట, ఇవన్నియు అజ్ఞానము. నిజముగా చేయవలసినది వేరొకటి: ఆమెకు క్షయ ఎవరి దగ్గునుండియో వచ్చియుండును. ఇంటిలో రెండు వారములకు మించి దగ్గువారున్నారా యని చూచి వారికి కళ్ళె పరీక్ష చేయింపవలెను. ప్రైవేటు వైద్యుడైనను క్షయ రోగిని ప్రభుత్వమునకు తెలుపవలెనని 2012 నుండి నియమము. పేరు నమోదైన రోగికి మందులు ఉచితము. పౌష్టికాహారము కొరకు 2018 లో నెలకు 500 రూపాయలుగా మొదలైన సహాయము 2024 నవంబరు నుండి 1000 రూపాయలైనది. బ్యాంకు ఖాతా కాగితము తీసికొనిపోవలెను.

జాబు వ్రాసిన సోదరికి మేము తిరుగు టపాలో ఇంత పొడుగు వ్రాయలేదు. నాలుగు పంక్తులు వ్రాసితిమి: ముక్క పరీక్ష చేయించుడు, కొంత ఫార్మలిన్‌లో, కొంత సెలైన్‌లో పంపుమని అడుగుడు, ఫలితము రాకుండ రొమ్ము తీసివేయుటకు సంతకము పెట్టవద్దు, ఫలితము రాచపుండని వచ్చినచో ఒక్క వారమైనను ఆలస్యము చేయవద్దు. నెల తరువాత రెండవ జాబు వచ్చినది. కణముల పరీక్షలో గ్రాన్యులోమా యని వచ్చినదట, పురుగులు కనబడలేదట, సీబీనాట్ మాత్రము క్షయ యని చెప్పినదట. రాచపుండు లేదని వ్రాసి క్రింద రెండు గీతలు గీసినది. ఇంటి ఆరా తీయగా ముసలి మామగారికి మూడు నెలలుగా దగ్గు. ఆయన కళ్ళెలోను క్షయ తేలినది. ‘కోడలే తెచ్చినదని యన్నవారు ఇప్పుడు మాటలాడుట లేదు’ అని ఒక వాక్యము వ్రాసి, దానిని కొట్టివేసినది. కొట్టివేసినను చదువ వీలైనది.

మూడవ జాబు ఐదవ నెలలో. గడ్డ రేగిపండంత మిగిలినది. రెండు రంధ్రములలో ఒకటి పూడినది, ఒకటి ఇంకను చెమ్మగిల్లుచున్నది. చనుమొన మునుపటి వలె కాలేదు. బిడ్డ ఎడమ ప్రక్క పాలు త్రాగుచు గోడ పట్టుకొని నడచుచున్నాడట. మామగారితో ఒకే ఇంట నున్న పసివాడు గదా, వానిని క్షయ కేంద్రములో చూపితిరా యని మేము వ్రాసితిమి. జవాబు రావలసి యున్నది.